వేడి చేసిన ఉదయం

కొత్త బస్సు తాళాలు ఆ రోజు ఎనిమిదింటికి ఇస్తారు. ఎవరు ముందు వెళితే వాళ్ళకే. ఏళ్ళ తరబడి డొక్కు బస్సుతో నడుము విరగ్గొట్టుకున్న డ్రైవరు తెల్లవారకముందే బూట్లు తొడుక్కున్నాడు, విప్పాడు, మళ్ళీ తొడుక్కున్నాడు. తాను కాస్త ఆలస్యం చేస్తే, అందరూ గుర్రం అని పిలిచే తోటి డ్రైవరు తాళాలు తన్నుకుపోతాడని అతని భయం. రాత్రంతా నిద్ర లేక కళ్ళు మండుతున్నాయి. నోరు పూసింది.

"వేడి చేసిందిరా," అంది తల్లి. "నాలుగు చెంబులు చన్నీళ్ళు పోసుకుని పో."

అతను స్నానానికి వెళ్ళగానే, చెప్పి ఉంచితే మంచిదని భార్య డిపోకి ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, ఆయనకి కాస్త వేడి చేసిందండి. నీళ్ళు పోసుకుని వచ్చేస్తారు."

గుమాస్తా సగం చెవితో విన్నాడు. మేనేజరు దగ్గరికి చేరేసరికి ఆ మాట, "ఒళ్ళు కాలిపోతోందట సార్, నీళ్ళు పోస్తున్నారట" అయింది. మేనేజరు వెంటనే డిపో నర్సును పంపాడు.

ఇక్కడ చన్నీళ్ళకు డ్రైవరు పళ్ళు టకటకలాడుతున్నాయి. భార్య రెండు దుప్పట్లు కప్పింది. తల్లి పొగలు కక్కే కాఫీ తాగించింది. గ్లాసు కింద పెట్టీ పెట్టగానే నర్సు వచ్చి అతని నోట్లో థర్మామీటరు పెట్టింది.

"నూట మూడు," అని అది నోట్లో ఉండగానే చదివి, హడలిపోయి మేనేజరుకు ఫోన్ చేసి చెప్పేసింది.

"కాఫీ తాగానమ్మా," అన్నాడు డ్రైవరు థర్మామీటరు తీశాక.

"ముందే చెప్పొద్దూ?"

"నోట్లో అది పెట్టి చెప్పమంటే ఎట్లా?"

కాసేపాగి మళ్ళీ చూస్తే జ్వరం లేదు. దుప్పట్ల కింద చెమట మాత్రం ధారగా కారుతోంది. నర్సు నిట్టూర్చింది. "చలేస్తే వణికింది, ఉక్కపోస్తే చెమట పట్టింది. మీ ఒంటికి దాని పని తెలుసండి. మధ్యలో మీరు దూరకుండా ఉంటే చాలు."

జ్వరం లేదని చెబుదామని నర్సు మళ్ళీ చేస్తే, ఈసారి డిపోలో ఎవరూ ఫోన్ ఎత్తలేదు. డ్రైవరు గడియారం చూసి చొక్కా గుండీలు పెట్టుకుంటూనే పరుగు తీశాడు. "ఆగండి, నేనొచ్చి చెబుతా," అంటూ నర్సు వెనకాల నడిచింది.

డిపో గేటు దగ్గర మేనేజరు అతని నుదుటి మీద చెయ్యి వేసి చటుక్కున తీసేశాడు. "పెనంలా ఉంది. ఎవరయ్యా నిన్ను రమ్మంది?"

"పరి... పరిగెత్తానండి... అందుకే..."

"మాట కూడా తడబడుతోంది."

"నర్సమ్మ... చెబుతుందండి..."

"చెప్పిందిలే, నూట మూడని. వారం సెలవు తీసుకో. ఏయ్ గుర్రం, తాళాలు పట్టు."

నర్సు వచ్చేసరికి కొత్త బస్సు గేటు దాటింది. అప్పటికి డ్రైవరు చెమట ఆరింది, ఆయాసం తగ్గింది, గుండె కూడా దారికొచ్చింది.

ఆ వారమంతా అతనికి కనీసం ఒక తుమ్మైనా రాలేదు.