తలుపు మీద స్టొయిల్

ఆ శుక్రవారం ఉదయం స్టొయిల్ రెండే రెండు పనులు పెట్టుకున్నాడు. భార్య నెదెల్కా పోయి ఏడాదైంది కనక ఆవిడ ఫోటో కాగితాలు ఊళ్ళో అతికించడం ఒకటి. పక్కనున్న గాబ్రొవో పట్నం వెళ్ళి మోటారు సైకిలుకి వెనక టైరు మార్పించుకుని రావడం రెండోది. మర్నాడు పొద్దున్నే ఆయన ఒంటరిగా బయల్దేరి, సెర్బియా మీదుగా ఇటలీ, ఫ్రాన్సు, స్పెయిను దాటి, పోర్చుగల్‌లో నేల అయిపోయి మహాసముద్రం మొదలయ్యే చోటికి వెళ్ళాలి. రెండు పనులూ మధ్యాహ్నానికల్లా తెమిలిపోతాయనీ, సాయంత్రం నెదెల్కా సమాధి దగ్గరికి వెళ్ళొచ్చనీ అనుకున్నాడు. మనిషి మంచివాడే గాని, ఏ పనైనా అనుకున్న వేళకి అయిన చరిత్ర ఆయనకి లేదు.

ఆ ప్రయాణమే అందుకు సాక్ష్యం. ఎన్నో ఏళ్ళుగా ప్రతి చలికాలం ఆయనా, నెదెల్కా వంటింటి బల్ల మీద యూరప్ మ్యాప్ పరుచుకుని కూర్చునేవారు. దారుల సంగతి ఆయనది, తిండి సంగతి ఆవిడది. "మిలాన్‌లో ఏం తింటాం?" అని ఆవిడ అడిగేది. "ఈ కనుమ దిగేసరికి చీకటి పడదూ?" అని దిగులు పడేది. మిలాన్ చుట్టూ ఆవిడ కాఫీ కప్పు మచ్చ ఇప్పటికీ ఉంది. స్టొయిల్ నేత మిల్లులో మగ్గాల రొద మధ్య ఉద్యోగం చేసి చేసి మాట్లాడ్డం మానేసిన మనిషి. మ్యాప్ పరిస్తే మాత్రం గంటల తరబడి చెప్పేవాడు.

తీరా వసంతం వచ్చేసరికి ఏదో ఒకటి అడ్డం పడేది. ఒక ఏడు ఇంటికప్పు కారింది. ఒక ఏడు కోళ్ళు పొదిగాయి. తక్కిన ఏళ్ళన్నీ నెదెల్కా మోకాలే. ఆ మోకాలు మార్చి నెలలో పట్టేసి, చెర్రీపళ్ళ కాలం వెళ్ళాక వదిలేది. "వచ్చే ఏడు తప్పకుండా వెళ్దాం," అనేది ఆవిడ. పోయిన ఏడు మోకాలు బాగానే ఉంది. వేరే జబ్బు వచ్చి, చెర్రీపళ్ళు ఎర్రబడకముందే ఆవిణ్ణి తీసుకుపోయింది. ఆవిడ చూడవలసిన సముద్రాన్ని ఆవిడ తరఫున చూసి రావాలన్న ఒక్క మాటే ఈ ఏడాదంతా స్టొయిల్‌ని రోజూ మంచం మీంచి లేపింది.

పొద్దున్నే అచ్చాఫీసుకి వెళ్ళాడు. అచ్చాఫీసు గెంకో స్టొయిల్‌కి బళ్ళో చదివిన నాటి స్నేహితుడు, పిసినారితనంలో పక్క ఊళ్ళకి కూడా ఆదర్శం. స్టొయిల్ ఇచ్చిన ఫోటోలో మొగుడూ పెళ్ళాలిద్దరూ మోటారు సైకిల్ మీద ఉన్నారు. గెంకో దాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి, నెదెల్కా ముక్కతో ఆవిడ కాగితాలు తయారుచేశాడు. స్టొయిల్ ముక్క మిగిలిపోయింది. మిగిలిపోయిన వస్తువు అలా పడుంటే గెంకోకి నిద్ర పట్టదు.

"నువ్వు ఊళ్ళో ఉండవు కదా. తలుపుకి నీ కాగితం కూడా ఒకటి పెట్టుకో. షీటు చివర కాస్త జాగా మిగిలితే వేసేశాను," అన్నాడు.

స్టొయిల్ ఆ కాగితం అందుకుని చూశాడు. పైన తన ముఖం. కింద, 'స్టొయిల్ గుర్కొవ్ పోర్చుగల్ వెళ్తున్నాడు. ఆకులు రాలే వేళకి వస్తాడు. కోళ్ళు వదిన వెలికా దగ్గర ఉంటాయి' అని ఉంది.

"చుట్టూ ఈ నల్లగీత ఏమిట్రా?"

"మీ ఆవిడ కాగితానికి ఉంది కదా, అదే చట్రం. నీ ఒక్కడి కోసం మారుస్తానా? అయినా కింద ఇంతింత అక్షరాలతో రాసి ఉంది. జనానికి చదువు రాదా ఏమిటి?"

చదువు వచ్చు. కాని చదవరు. మా బల్గేరియా కొండల్లో మనిషి పోతే నల్లగీత మధ్య ఫోటో వేసి ఇంటి తలుపుకీ, రొట్టెల కొట్టుకీ, బస్టాపుకీ, కరెంటు స్తంభాలకీ అతికిస్తారు. నలభై రోజులకి మళ్ళీ, ఏడాదికి మళ్ళీ. వచ్చేపోయేవాళ్ళు ఫోటో చూస్తారు, మనిషిని గుర్తుపడతారు, టోపీ తీసి ఒక నిట్టూర్పు విడిచి తమ దారిన పోతారు. అక్షరాల దాకా వెళ్ళేది అచ్చుతప్పులు వెతికే రిటైరైన టీచర్లు మాత్రమే.

ఆ సంగతి స్టొయిల్‌కి తెలియకపోలేదు. ఊరంతా నెదెల్కా కాగితాలు అతికించి ఇంటికొచ్చి, ఆఖరికి తలుపు మీద ఇద్దరివీ పక్కపక్కన అతికించాడు. గెంకో కత్తెర విడదీసిన ఫోటో మళ్ళీ ఒకటైనట్టు కనిపించింది. తన కాగితం పీకుదామని ఎత్తిన చెయ్యి కిందికి దించుకున్నాడు. ఫోను వంటింట్లో మర్చిపోయి, బండెక్కి గాబ్రొవో వెళ్ళిపోయాడు.

ముందుగా చూసింది పక్కింటి తోతా. రొట్టె కొనుక్కుని వస్తూ తలుపు వంక చూసి, రొట్టె కింద పడేసింది. షెడ్డులోకి తొంగి చూస్తే బండి లేదు. "పెళ్ళాం పోయిన రోజే తనూ పోయాడు, పిచ్చితండ్రి!" అని ఏడుస్తూ వచ్చిన దారినే రొట్టెల కొట్టుకి వెళ్ళింది.

రొట్టెల కొట్టు దగ్గర స్టొయిల్ బండి మీంచి పడి పోయాడు. బస్టాపు చేరేసరికి సెర్బియా సరిహద్దులో లారీ గుద్ది పోయాడు. మునిసిపల్ ఆఫీసు దగ్గర, పాపం, సముద్రం చూసి తిరిగొస్తూ పోయాడు, ఆ తృప్తయినా దక్కింది.

"నిన్న సాయంత్రం మా కొట్లో ఉల్లిపాయలు కొన్నాడే!" అన్నాడు కూరగాయల కొట్టువాడు.

"అందుకే అన్నారు, మనిషి బతుకు నీటిబుడగ అని," అంది తోతా.

దాంతో అందరికీ నమ్మకం కుదిరింది. ఎవరో స్టొయిల్‌కి ఫోన్ చేశారు. తాళం వేసిన ఇంట్లో ఆ ఫోను మోగి మోగి ఆగిపోతుంటే, బయట నిలబడి విన్న ఆడవాళ్ళు మరింత గట్టిగా ఏడ్చారు. ఫాదర్ సావా గంట కొట్టించాడు. నాలుగిళ్ళలో పోయినవాళ్ళ పేర పంచే గోధుమలు ఉడికాయి, పంచదార పడింది. నెదెల్కా అక్క వెలికా నల్ల రుమాలు కట్టుకుని, కోళ్ళకి గింజలు చల్లి, పళ్ళ సారా రకియా సీసా చంకన పెట్టుకుని వచ్చింది. ఆవిడకి మరిది అంటే జీవితమంతా పడలేదు. అందుకే అందరికంటే ఎక్కువగా ఏడ్చింది.

గాబ్రొవోలో మెకానిక్ కుర్రాడు టైరు బిగించి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏంటి బాబాయ్, వెనక సీటు ఖాళీగా పెట్టుకుని, డేరా సంచీ నిండు గర్భిణిలా ముందు కట్టావు? మీటరు కనపడుతోందా నీకు?"

"కనపడకపోయినా పర్లేదు," అన్నాడు స్టొయిల్. వెనక సీటు నెదెల్కాదని ఆ కుర్రాడికి ఏం చెబుతాడు? బజార్లో కొత్త జాకెట్టొకటి కొని తొడుక్కుని మధ్యాహ్నం దాటాక ఊరు చేరాడు.

సందు మొదట్లోనే జనం. బండి ముందుకి పోయే దారి లేక, వీధి కుళాయి దగ్గర నిలిపి నడిచి వెళ్ళాడు. తన ఇంటి ముందు బల్లలు వేసి ఉన్నాయి. కొవ్వొత్తులు, గోధుమలు, వైను. నల్లబట్టల్లో సగం ఊరుంది. నెదెల్కా సంవత్సరీకానికి ఇంతమంది వచ్చారా అనుకుని ఆయన నిలువునా కరిగిపోయాడు. తనూ, ఫాదరూ, వెలికా ముగ్గురే సమాధి దగ్గర నిలబడి ముగించేస్తారనుకున్నాడు. హెల్మెట్ లోపల కళ్ళనీళ్ళు జలజలా కారాయి. ఇంతమందిలో ఆ ముఖం చూపించడం ఇష్టంలేక హెల్మెట్ తియ్యలేదు.

వెలికా ఆ కొత్త జాకెట్టుని చూసి ఎదురొచ్చింది. "రా బాబూ, రా. మా మరిదితో కలిసి బళ్ళు తోలేవాడివా?"

మాట్లాడితే ఏడుపు బయటపడుతుందని స్టొయిల్ తల ఊపాడు.

"ఎంత దూరం నుంచి వచ్చావో పాపం. ఆయన పోయాడని ఎవరు చెప్పారు నీకు?" అంటూ వెలికా గ్లాసులో రకియా పోసి చేతికిచ్చింది. "నేల మీద ఒక చుక్క వదిలి తాగు. స్టొయిల్ ఆత్మకి."

స్టొయిల్ తలుపు వంక చూశాడు, కొవ్వొత్తుల వంక చూశాడు, విషయం తలకెక్కింది. గెంకోని మనసులో నానా తిట్లూ తిట్టి, హెల్మెట్ తీద్దామని చెయ్యెత్తాడు. అంతలో వెలికా మళ్ళీ మొదలుపెట్టింది.

"పోయినవాణ్ణి అనకూడదు గాని, ఒట్టి మొండిఘటం. పోర్చుగల్ పోర్చుగల్ అని ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. ఎవరి కోసం వెళ్దామనుకున్నాడో తెలుసా? నా చెల్లెలి కోసమట! దానికి ఆ బండంటే చచ్చేంత భయం, నాయనా."

ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి ఎక్కింది. దిగి మూడు రోజులు జ్వరం. మళ్ళీ ఎక్కితే ఒట్టు. ఆ తలుపు మీది ఫోటో చూశావా, నవ్వుతోంది కదా? నేనే తీశాను. బండి స్టాండు మీద ఉంది కాబట్టి నవ్వింది. మోకాలు నొప్పి అనేది చూడు ఏటేటా, అది మోకాలు కాదు. వాయిదా!"

"మరి ఆ మ్యాపు..." అంది హెల్మెట్. గొంతు లోపల్నించి ఎవరిదో మాదిరిగా వచ్చింది.

"అదే నేనూ అడిగాను. భయమైతే ఏటా ఆ మ్యాపు ముందు పెట్టుకుని కూర్చోవడం దేనికే అని. ఏమందో తెలుసా? 'ఏడాదంతా మూగనోము పట్టే మనిషక్కా. అది పరిస్తే నాతో మాట్లాడతాడు. వెళ్ళొచ్చేస్తే ఇంక చలికాలమంతా ఏం మాట్లాడుకుంటాం?' అంది." వెలికా రుమాలు కొసతో కళ్ళు ఒత్తుకుంది. "ఆ వెర్రిబాగులవాడికి ఇది తెలియనే లేదు. తెలియకుండానే పోయాడు, అదే మేలు. హెల్మెట్ తీసి తాగు నాయనా."

స్టొయిల్ హెల్మెట్ తీశాడు.

వెలికా అరవలేదు. చేతిలో ఉన్న గోధుమల గిన్నె మాత్రం వదిలేసింది. తర్వాత లాగి ఒక్కటిచ్చింది. "సిగ్గు లేదూ! ఒకరోజంతా చచ్చి ఊరుకుంటావా? నీ కోసం నా రకియా మొత్తం పోసేశాను!"

ఆ తర్వాత ఎవరేం మాట్లాడారో ఎవరికీ వినపడలేదు. ఒకావిడ మూర్ఛపోయి, చూసేవాళ్ళు లేక తనే లేచింది. ఫాదర్ సావా గంట కొట్టినవాణ్ణి తిట్టాడు. గెంకో తలుపు దగ్గర నిలబడి, "చదివారా? ఒక్కరైనా చదివారా? కోళ్ళ సంగతి కూడా రాశాను!" అని గగ్గోలు పెట్టాడు. అప్పుడు ఊరంతా మొదటిసారి ఆ కాగితం చదివింది. ఒక టీచరమ్మ అందులో అచ్చుతప్పు కూడా పట్టుకుంది.

స్టొయిల్ మాత్రం గుమ్మంలో కూలబడ్డాడు. చావు కబురు ఇప్పుడే విన్నట్టుగా ఏడ్చాడు. ఏడాది కిందట ఊరంతా చూస్తుండగా ఏడవని మనిషి అంత పెద్దగా ఏడుస్తుంటే జనం టోపీలు తీసేశారు. పోయినావిడ ఏ సముద్రాన్నీ కోరలేదు. ఆవిడ కోరింది ఈయన మాటలు. అవి ఇంట్లోనే ఉన్నా, మ్యాపు పరిస్తే తప్ప ఈయన ఇవ్వలేదు. ఆ లెక్క ఇప్పుడెవరితో సరిచేసుకోవాలో ఆయనకి తెలియలేదు.

ముందు తేరుకున్నది తోతా. స్టొయిల్ పోయాడనుకుని ఆవిడ ఆరు కార్నేషన్ పూలు తెచ్చింది. మా దగ్గర సరిసంఖ్య పూలు పోయినవాళ్ళకి, బేసిసంఖ్య బతికున్నవాళ్ళకి. చటుక్కున ఒకటి లాగేసి, "ఇదిగో, అయిదు. దిష్టి తగలకుండా," అని ఆయన చేతిలో పెట్టింది. స్టొయిల్ కళ్ళు తుడుచుకుని, అందులోంచి రెండు నెదెల్కాకి తీసి మూడు ఉంచుకున్నాడు. తోతా చేతిలో ఉన్న ఒంటి పువ్వు వెలికా లాక్కుంది.

"ఉడికిన గోధుమలు పారేస్తామా?" అన్నాడు గెంకో. ఆ పూట అతను అన్న తెలివైన మాట అదొక్కటే. స్టొయిల్ కోసం వచ్చిన ఊరు ఊరంతా గిన్నెలూ, సీసాలూ పట్టుకుని నెదెల్కా సమాధికి నడిచింది. ఆవిడ సంవత్సరీకం అలా జరిగింది. అంత ఘనంగా మా మేయరు తండ్రికి కూడా జరగలేదు.

తిరిగొచ్చేటప్పుడు స్టొయిల్ అడిగాడు: "ఇంకెందుకు వెళ్ళాలి వదినా?"

వెలికా రుమాలు ముడి బిగించుకుంది. "వెళ్ళడం నీ కోరిక. అది పాపం పళ్ళ బిగువున నీ కోరికని అన్నేళ్ళు మోసింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే అది మోసినదంతా దండగ. వెళ్ళు. కాని సమాధి దగ్గరికొచ్చి అంతా చెప్పాలి. తిండి సంగతి కూడా. మిలాన్‌లో ఏం పెట్టారో అదీ చెప్పు."

మర్నాడు ఉదయం స్టొయిల్ డేరా సంచీని ముందు నుంచి విప్పి వెనక సీటు మీదికి మార్చాడు. తాళ్ళు గట్టిగా బిగించాడు. నెదెల్కాని ఇంక భయపెట్టదలచలేదు. ఖాళీ సీటు కనపడకుండా పోయేసరికి ఆయన కాసేపు దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ముందు మీటరు మాత్రం శుభ్రంగా కనిపించింది.

వెలికా రాగి చెంబులో నీళ్ళు పట్టుకుని, అందులో తన ఒంటి కార్నేషన్ వేసుకుని వచ్చింది. ప్రయాణం నీళ్ళలా సాగాలని గడప ముందు కుమ్మరించింది. "నిజంగా చచ్చిరాకు. రెండోసారి గోధుమలు ఉడకబెట్టే ఓపిక నాకు లేదు," అంది. అని, ఏడ్చింది. స్టొయిల్ తడినేల మీంచి బండి పోనిచ్చాడు. సందు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

తలుపు మీద ఆ రెండు కాగితాలూ పక్కపక్కన అలాగే ఉండిపోయాయి. మనిషి బతికే ఉన్నా సరే, మా ఊళ్ళో అతికించిన కాగితాన్ని ఎవరూ పీకరు, ఆ పని వానదే.