మందిరంలో మూడు రంగుల దీపాలు

ఆ ఆదివారం పొద్దున జయానందం అనుకున్న పని చాలా చిన్నది. ఆరాధన ముగియగానే దీపాల పెట్టెలోంచి చిప్ ఊడదీసి, ఎవరూ చూడకముందే పాలిటెక్నిక్ అల్మారాలో పెట్టేయాలి.

బీదరులో మైక్రోకంట్రోలర్ అన్న మాట నలుగురికి కూడా తెలియని రోజులవి. ప్రోగ్రాము రాస్తే దాని ప్రకారం నడిచే ఆ చిప్ కాలేజీకి వచ్చింది ఒక్కటే. ల్యాబులో తాత్కాలిక ఉద్యోగి అయిన జయానందం దాన్ని అడగకుండా ఇంటికి తెచ్చాడు. తెలిస్తే ఉద్యోగం పోతుంది.

తెచ్చింది మాత్రం పాస్టర్ బర్నబాగారి కోసమే. ఆయన గొంతు పూర్తిగా పోయింది. అయ్యగారు చెప్పందే లేవని, కూర్చోని సంఘం అది. అందుకే జయానందం ఆ చిప్‌తో నడిచే మూడు దీపాలు అమర్చాడు. ఆకుపచ్చ దీపం మినుకుమంటే లేవాలి, పసుపుకు కూర్చోవాలి, ఎరుపుకు మోకరించాలి. బటన్ ఒకసారి నొక్కితే తరువాతి దీపం వస్తుంది.

"అమ్మా, ఇయ్యాల దీపాలు సక్కగ పనిచేస్తయో లేదో."

"రొట్టె తిను. అంతా దేవుడు చూస్కుంటడు," అంది కమలాబాయి.

దేవుడు చూస్తే పర్వాలేదు, ప్రిన్సిపాల్ చూడకుంటే చాలనుకున్నాడు జయానందం.

మందిరంలో ముందు బెంచీ మీద ప్రిన్సిపాల్ కాశప్ప కూర్చుని ఉన్నాడు. జయానందం దీపాల పెట్టెకు అడ్డంగా నిలబడ్డాడు.

"నేనే పిలిచిన బిడ్డా," అన్నాడు సంఘపెద్ద అబ్బయ్య మురిసిపోతూ. "నీ పనితనం, నీ హునర్ మీ సారు గూడ చూడాలె గదా."

ఆరాధన మొదలయ్యాక జయానందం మొదటిసారి బటన్ నొక్కితే ఆకుపచ్చ వచ్చింది. అందరూ లేచి పాట పాడారు. ఇక కూర్చోబెడదామని నొక్కితే ఏకంగా ఎరుపు వచ్చింది. సంఘమంతా మోకరించింది. కంగారుగా మళ్ళీ నొక్కాడు. అందరూ లేచారు. ఇంకోసారి నొక్కితే మళ్ళీ మోకాళ్ళ మీదికి వచ్చారు.

జయానందం బటన్ వైపు చూశాడు. తప్పెక్కడో అతనికి అర్థమైంది. తలుపు గంట నుంచి పీకి తెచ్చిన పాత బటన్ అది. ఒకసారి నొక్కితే లోపలి రేకు వణికి నాలుగైదుసార్లు తగులుతోంది, చిప్ ప్రతిదాన్నీ కొత్త ఆజ్ఞగా లెక్కేసుకుంటోంది. నొక్కాక కాస్త ఆగమని ప్రోగ్రాములో రాసి ఉండాల్సింది. ఎందుకులే అనుకుని రాయలేదు.

మందిరం పద్ధతులు తెలియని కాశప్ప, అతిథిగా వచ్చి మర్యాద తప్పకూడదని అన్నీ చేస్తున్నాడు. ఆ భారీ మనిషి లేచినప్పుడల్లా బెంచీ మూలుగుతోంది, జయానందం ప్రాణం పోతోంది.

"ఇయ్యాల భక్తి జర ఎక్కువైంది," అని గొణిగాడు అబ్బయ్య, మోకాలు పట్టుకుని.

వద్దు వద్దని పాస్టరుగారు రెండు చేతులూ ఊపారు. అది ఆశీర్వాదమనుకుని జనం తలలు ఇంకా వంచారు. తట్టుకోలేక జయానందం తీగ పీకేశాడు. దీపం ఆరింది. లెమ్మని ఎవరూ చెప్పలేదు కనుక ఎవరూ లేవలేదు.

"అయిపోయింది, లేవుండ్రి," అన్నాడు చివరికి జయానందమే.

ప్యాంటు దుమ్ము దులుపుకుంటూ కాశప్ప నేరుగా అతని దగ్గరికే వచ్చాడు.

"సార్, తప్పయింది."

"తప్పేంది? నేను క్లాసులకొస్తే మన పోరగాళ్ళు కుర్సీలకెళ్ళి లేవరు. ఈడ ఇంతమంది నోరు మెదపకుండ లేస్తున్రు, కూసుంటున్రు. కాలేజీకి గూడ ఇసొంటిదే చెయ్. నీ నౌకరీ పక్కా చెయ్యమని నేనే రాస్త."

జయానందం పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాడు.

"మన అల్మారాల చిప్ ఒకటి ఊకెనే పడున్నది," అన్నాడు కాశప్ప. "ఇప్పుడే పోయి నా చేత్తోని తీసిస్త. నడు, జీపు బయటనే ఉన్నది."

ఆయన బయటికి నడిచాడు. ఏ దీపమూ వెలగకుండానే జయానందం మోకరించాడు.