క్లచ్ ఏ కాలికి?

ఆ శనివారం పొద్దున చత్వారంగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి కాఫీ తాగడం, పదింటికి పాతకార్ల షెడ్డుకు వెళ్ళడం, అక్కడున్న రెండు కార్లలో నీలందాన్ని ఖాయం చేసుకోవడం, పదకొండున్నరకల్లా దాన్ని నడుపుకుంటూ ఇంటికి రావడం. ఇందులో మోకాలి ప్రసక్తి ఎక్కడా లేదు.

చత్వారం ఆయన అసలు పేరేమీ కాదు. బజారులో ఆయనకు కళ్ళజోళ్ళ షాపుంది. చూపు ఆనడం లేదని బెంగపడుతూ ఎవరొచ్చినా, "ఏం భయం లేదండీ, చత్వారం, అంతే" అని ధైర్యం చెప్పి పంపుతారు. ముప్ఫై ఏళ్ళు చెప్పీ చెప్పీ ఆ మాట చివరికి ఆయనకే అంటుకుంది. పొద్దస్తమానం జనం కళ్ళకు అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడగడమే ఆయన వృత్తి. తన దాకా వచ్చేసరికి మాత్రం రెండు కార్లలో ఒకటి తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది.

ఆ రకం కారు బొమ్మను పద్నాలుగేళ్ళప్పుడు పత్రికలోంచి కత్తిరించి, భూగోళం నోట్సు అట్ట లోపల అతికించుకున్నారు. రెండే సీట్లు, పొడుగాటి మూతి, నేలకు జానెడెత్తు. ఇప్పుడాయనకు యాభై ఒకటి. అలాంటివి రెండు, ఒకే ఏడాది తయారైనవి, ఒకేసారి షెడ్డుకు వచ్చాయి. ఎర్రదానికి గేర్లు, నీలందానికి ఆటోమేటిక్. తెలిసినవాళ్ళందరూ ఎర్రదే తీసుకోమన్నారు. ఆ కాలపు ఆటోమేటిక్ మహా మొద్దుదట, యాక్సిలరేటర్ తొక్కితే కాసేపు ఆలోచించుకుని గాని కదలదట. షెడ్డాయన ఇంకో అడుగు ముందుకేసి, "గేర్లది కొంటే కారును మీరు నడుపుతారు సార్. ఆటోమేటిక్ కొంటే కారే మిమ్మల్ని తీసుకెళ్తుంది" అన్నాడు. అలా తీసుకెళ్ళేదే తనకు కావాలని చత్వారంగారు పైకి చెప్పలేకపోయారు. పాపం, ఆయనకు గేర్లు రావు.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయన మామగారు ముప్ఫై మూడేళ్ళు బస్సు నడిపిన మనిషి. కూతుళ్ళిద్దరికీ పద్దెనిమిది నిండగానే గేర్లబండి నేర్పించారు. ఆటోమేటిక్ అనే మాట వింటే చాలు, మొహం అదోలా పెడతారు. ఇరవై నాలుగేళ్ళ కిందట, సంబంధం మాట్లాడడానికి వెళ్ళిన రోజున, "కారు నడపడం వచ్చా బాబూ?" అని ఆయన అడిగితే, "వచ్చండి" అన్నారు చత్వారంగారు. అక్కడితో ఆగితే బాగుండేది. "గేర్లు?" అని అడిగితే, "అన్నీ వచ్చండి" అని నోరు జారారు. ఆ తర్వాత కొన్న ప్రతి కారూ ఆటోమేటిక్కే. ఎందుకని ఎవరైనా అడిగితే, "మా ఆవిడకు సులువుగా ఉంటుందని" అనేవారు.

తొమ్మిదింటికి కాఫీ కప్పు ఎత్తారో లేదో, మామగారు టోపీ పెట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"షెడ్డుకు నేనూ వస్తాను అల్లుడుగారూ. మీరు ఎర్రదాన్ని నడుపుతుంటే పక్కన కూర్చుని చూడాలని ఎన్నాళ్ళనుంచో కోరిక."

చత్వారంగారు కప్పు కింద పెట్టారు. ఏదో ఒకటి చెప్పాలి, అదీ ఇప్పుడే చెప్పాలి. "గేర్లది నాకు పడదేమో మామయ్యగారూ. మోకాలు నొప్పిగా ఉంటోంది. క్లచ్ తొక్కడం కష్టం" అన్నారు. చిన్న అబద్ధమే. తనను తనే మెచ్చుకున్నారు కూడా.

"ఏ మోకాలు?" అంది భార్య. ఆవిడ బళ్ళో లెక్కల టీచరు, జవాబుతోపాటు దారి కూడా చూపించమంటుంది.

చత్వారంగారు కారు పుస్తకంలో చూసిన పెడళ్ళ బొమ్మను గుర్తుచేసుకున్నారు. క్లచ్ ఎడమ పక్కనుంది. కానీ రోజంతా మనుషులకు ఎదురుగా కూర్చునే ఆయనకు ఎడమ పక్క కనిపించేది ఎప్పుడూ అవతలివాళ్ళ కుడి కన్నే. చెయ్యి తిరిగిన అలవాటు మరి, బొమ్మను కూడా అలాగే తిప్పేసుకున్నారు. కుడికాలికి అప్పటికే బ్రేకూ యాక్సిలరేటరూ ఉన్నాయని, మూడో పని దాని నెత్తిన ఎవరూ పెట్టరని ఆలోచించే వ్యవధి లేకపోయింది.

"కుడిది" అన్నారు.

మామగారు ఏదో అనబోయి, కూతురిచ్చిన కాఫీ తాగారు.

"కుడి మోకాలా?" భార్య మొహం పాలిపోయింది. "బ్రేకు తొక్కేది ఆ కాలితోనే కదండీ. నిన్న ఆ కాలితోనే బడి వదిలే వేళకు పిల్లల మధ్యలోంచి కారు నడుపుకొచ్చారా? నాకొక్క మాట చెప్పాలని అనిపించలేదా?" అంటూ గోడకున్న కారు తాళం తీసి తన సంచిలో వేసుకుంది. "ముందు చెల్లెలి దగ్గరికి పదండి. షెడ్డు ఎక్కడికీ పారిపోదు."

చెల్లెలు, అంటే చత్వారంగారి మరదలు, రెండు వీధుల అవతల ఫిజియోథెరపీ క్లినిక్కు నడుపుతోంది. కారు భార్యే నడిపింది. మామగారు ముందు సీట్లో కూర్చున్నారు. చత్వారంగారు వెనక సీట్లో, తన కారులో తనే చుట్టంలా కూర్చుని, ఎక్కడ పప్పులో కాలేశానా అని ఆలోచించారు. క్లచ్ ఎడమకాలిదని వెలిగేసరికి ఆలస్యమైంది. అప్పటికే మరదలు ఆయన్ని బల్ల మీద పడుకోబెట్టేసింది.

"ఇక్కడ నొక్కితే నొప్పిగా ఉందా బావగారూ?"

"అబ్బా."

"ఇక్కడ?"

"అబ్బా."

"ఇక్కడ?"

"అబ్బా."

"ఈసారి నేను ముట్టుకోలేదు" అంది మరదలు. ఇంకొకరైతే నవ్వేసేవారు. ఆవిడకు బావగారంటే గౌరవం. అబద్ధమని తోచనే లేదు. "అక్కా, చెయ్యి తగలకుండానే నొప్పంటున్నారంటే ఇది మోకాలు కాదు. నరం" అంది నెమ్మదిగా.

చత్వారంగారు గబుక్కున లేచి కూర్చున్నారు. "అసలు నొప్పి కుడికి కాదమ్మా, ఎడమకు. ఎదుటివాళ్ళ లెక్కలో చెప్పడం నాకు అలవాటు, అందుకని పొరపాటున..." అంటూ సర్దబోయారు.

అక్కాచెల్లెళ్ళు మొహమొహాలు చూసుకున్నారు.

"అటూ ఇటూ తిరుగుతోందన్నమాట. అయితే నడుములోంచి వస్తోంది" అంది మరదలు.

పావుగంటలో ఆయన రెండు మోకాళ్ళకూ పట్టీలు పడ్డాయి, నడుముకు జానెడు వెడల్పు బెల్టు పడింది. వంగకూడదు, బరువులెత్తకూడదు. ఇవన్నీ ఆయన ఓర్చుకున్నారు. చివరి మాటకు మాత్రం ప్రాణం ఉసూరుమంది.

"కిందికి కూర్చునే కార్లు అసలు వద్దు బావగారూ. ఎత్తు సీటున్న బండి ఏదైనా చూసుకోండి."

భార్య అక్కడినుంచే షెడ్డాయనకు ఫోను చేసింది. రావడం లేదని చెప్పబోతుంటే అవతలినుంచి ఆయన మాట అందరికీ వినిపించింది. నీలందానికి ఇంకొకాయన తయారుగా ఉన్నాడట, మధ్యాహ్నంలోపు ఏ సంగతో చెప్పాలట. ఉన్న నిజం ఒక్కసారి చెప్పేస్తే అంతా సర్దుకుంటుందని చత్వారంగారికి తెలుసు. కానీ ఎదురుగా మామగారున్నారు. ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట అడ్డొచ్చింది. ముప్ఫై ఏడేళ్ళుగా కోరుకున్న కారు, ఇంకో గంటలో పరాయివాళ్ళది.

"కొనకపోయినా ఒక్కసారి చూసి వద్దాం" అన్నారు చత్వారంగారు. ఆయన గొంతు విని భార్య కాదనలేకపోయింది.

షెడ్డు రేకుల కింద ఆ రెండు కార్లూ పక్కపక్కనే ఉన్నాయి. మాట్లాడి వస్తానని భార్య షెడ్డాయన గదిలోకి వెళ్ళింది. చత్వారంగారు నీలం కారు తలుపు తీసి, నడుము వంగక, బల్లచెక్కలా వాలి, ఎలాగో స్టీరింగు ముందుకు జారారు. లోపల పాత తోలు వాసన. గేరు మీటను ఒకసారి నిమిరారు. ఇక దిగుదామంటే బెల్టు దిగనివ్వలేదు. ఉన్నపాటున కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సరిగ్గా అప్పుడే రెండో తలుపు తెరుచుకుంది.

మామగారు వంగి లోపలికి చూసి, చుట్టూ ఒకసారి కలియజూసి, పక్క సీట్లోకి దిగారు. దిగుతూ ఎడమకాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకున్నారు. తలుపు వేసుకున్నారు.

"క్లచ్ ఏ కాలితో తొక్కుతారు అల్లుడుగారూ?"

చత్వారంగారు స్టీరింగు వదిలేశారు.

"నాకు గేర్లు రావు మామయ్యగారూ. ఆ రోజు మీ ఎదురుగా భయపడి అలా అనేశాను. తర్వాత వెనక్కి తీసుకోవడం చేతకాలేదు."

"పొద్దున కుడిది అన్నారు చూశారా, అప్పుడే తెలిసింది."

"మరి అప్పుడే అడగలేదేం?"

మామగారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "నా ఎడమ మోకాలు పోయిందండీ. ముప్ఫై మూడేళ్ళు బస్సు క్లచ్ తొక్కిన కాలు. బండి నడిపి రెండేళ్ళయింది. రిపేరులో ఉందని చెప్తున్నాను కదా, బండికేం, అది బాగానే ఉంది. చిన్నదానికి తెలిస్తే బల్లెక్కిస్తుంది, పెద్దదానికి తెలిస్తే తాళం లాక్కుంటుంది."

"అయ్యో."

"మీరు ఈ నీలంది కొంటే, ఎవరూ లేనప్పుడు నన్నొక చుట్టు నడపనిస్తారేమోనని ఆశపడ్డాను. నా నోటితో నేనెలా అడుగుతాను? జీవితమంతా ఆటోమేటిక్‌ను తిట్టినవాణ్ణి. అందుకే మీరేం చెప్పి దీన్ని కొంటారోనని పొద్దున్నే వచ్చి కూర్చున్నాను. మీరేమో సరిగ్గా నా జబ్బే చెప్పుకొచ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు."

చత్వారంగారు నవ్వారు. మామగారూ నవ్వారు. తనకన్నా పెద్దమనిషి తనలాగే భయపడుతూ బతుకుతున్నాడని తెలిశాక, చత్వారంగారికి ఆయన మీద మొదటిసారి గౌరవంతోపాటు ప్రేమ కూడా కలిగింది. నీలందే ఖాయం చేద్దామని ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చి, ఒకరినొకరు పట్టుకుని కారులోంచి బయటపడేసరికి, భార్య ఎదురొచ్చింది. చేతిలో కొత్త తాళం ఊగుతోంది.

"ఎర్రది ఖాయం చేసేశాను. నీలంది ఆ ఇంకొకాయనకు ఇచ్చేశారు" అంది.

మామా అల్లుళ్ళు ఆ తాళం వంక చూశారు.

"అలా చూస్తారేం? చిన్నప్పటి కోరిక, కాళ్ళు పట్టేశాయని వదిలేసుకుంటామా? సీటు కింద రెండు దిళ్ళు వేస్తాను. మీరు పక్కన కూర్చోండి, నేను తిప్పుతాను" అంటూ ఆవిడ ఎర్రకారులో కూర్చుంది. ఇంజను ఇంకా పెట్టనే లేదు. క్లచ్ తొక్కి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని గేర్లు మార్చి చూసుకుంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆ మొహంలో అలాంటి వెలుగు చత్వారంగారు ఒకటి రెండుసార్లకు మించి చూసి ఉండరు.

"నాకు గేర్లబండంటే ప్రాణం" అంది ఆవిడ. "మీరేమో నాకు సులువని ప్రతిసారీ ఆటోమేటిక్కే కొంటూ వచ్చారు. అంత ప్రేమగా కొంటుంటే వద్దని ఎలా అంటాను?"

చత్వారంగారికి ఇంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు. ఇందాక మామగారికి చెప్పినప్పటికన్నా ఇప్పుడు కష్టమైంది, అయినా చెప్పేశారు. గేర్లు రావన్నారు. ఆ కార్లన్నీ ఆవిడ కోసం కాదు, తన కోసమే కొన్నానన్నారు. మోకాలు బాగానే ఉందన్నారు.

"ఏ మోకాలు?"

"రెండూ."

"నరం?"

"బాగానే ఉంది."

"నడుము?"

"అదీ అంతే."

ఆవిడ స్టీరింగు మీద తల ఆనించింది. తల ఎత్తేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "నరం అనగానే నా గుండె ఎలా జారిపోయిందో మీకేం తెలుసు? కోపం తర్వాత పడతాను, ఇప్పుడు ఓపిక లేదు" అంది. తర్వాత దిగి, పక్క సీట్లోకి మారింది. "ఆ బెల్టు విప్పి ఇలా కూర్చోండి. షెడ్డు ఆవరణ ఖాళీగానే ఉంది, రోడ్డెక్కేదాకా నేర్పుతాను, రోడ్డు మీద నేను నడుపుతాను. క్లచ్ ఎడమకాలితో. మీ ఎడమ. ఎదుటివాళ్ళది కాదు."

చత్వారంగారు కూర్చోబోతూ ఆగారు. ఇంటికారు బయట ఉంది, దాన్ని ఎవరో ఒకరు ఇంటికి చేర్చాలి. భార్య సంచిలోంచి తనే పాత తాళం తీసి మామగారి చేతిలో పెట్టారు.

"ఇందులో రెండే సీట్లు మామయ్యగారూ. ఏమనుకోకుండా ఆ బండి మీరు తెచ్చిపెట్టాలి."

"నేనా? ఆటోమేటిక్కా?" అన్నారు మామగారు, కూతురికి వినబడేంత గట్టిగా. "ఏం చేస్తాం, తప్పదు కదా." ఆ తాళాన్ని మాత్రం గుప్పిట్లో గట్టిగా పట్టుకున్నారు. కాలు ఈడుస్తున్నట్టు తెలియకుండా నిటారుగా నడుస్తూ, ఆయన గేటు దాటి వెళ్ళారు.

ఎర్రకారు ముందుకు దూకి ఆగింది. మళ్ళీ దూకి ఆగింది. షెడ్డాయన వచ్చి మిగతా కార్లను కొంచెం దూరంగా జరిపించాడు. అయిదోసారి అది నాలుగడుగులు కదిలేసరికి భార్య చప్పట్లు కొట్టింది.

ఆ మధ్యాహ్నం ఆ స్పోర్ట్స్ కారుకన్నా మామగారు గంటంపావు ముందు ఇల్లు చేరారు.