మూడు కత్తెర్లు

దేవుడికి దణ్ణం పెట్టుకుని ఓటు వేయడం సరే, దేవుణ్ణి అడిగి ఓటు వేయొచ్చా? మొదటిసారి వేలికి సిరా పూయించుకున్న నాటి నుంచీ బసవపున్నయ్యను ఈ సందేహం వదల్లేదు. అమ్మవారి పటం ముందు దీపం పెట్టందే కాఫీ ముట్టని మనిషి ఆయన. నారు పోయాలన్నా, ఊరు వెళ్ళాలన్నా అమ్మను అడిగే చేస్తాడు. ఒక్క ఓటు సంగతి అడగడానికి మాత్రం నోరు వచ్చేది కాదు. అమ్మ పేరెత్తితే బసవపున్నయ్య అబద్ధమాడడని హనుమాన్ జంక్షన్ దాకా చెప్పుకుంటారు. ఆయనకు గర్వం ఆ పేరు చూసుకునే. ఆ తర్వాత, అరవై దాటినా నల్లగా నిగనిగలాడే తన జుట్టు చూసుకుని.

ఆ జుట్టు మీదే ఒక బాకీ ఉంది. చిన్నప్పుడు కొడుకు కిరీటికి టైఫాయిడ్ వస్తే, తగ్గాక తలనీలాలిస్తానని బెజవాడ కొండమీది అమ్మకు మొక్కుకున్నాడు. కిరీటికి తగ్గింది, మీసాలొచ్చాయి, ఉద్యోగమొచ్చింది, ఓటు హక్కు కూడా వచ్చింది. మొక్కు మాత్రం తీరలేదు.

సర్పంచి ఎన్నికల వారంలో ఒక ఉదయం, ఇక ఆ సంగతి తేల్చేద్దామనుకున్నాడు. ఎర్రపువ్వు ఒక పొట్లంలో, తెల్లపువ్వు ఒక పొట్లంలో కట్టి పటం ముందు పెట్టాడు. ఎర్రది వస్తే గుండు. తెల్లది వస్తే ఆడవాళ్ళిచ్చినట్టు మూడు కత్తెర్లు, అంటే తలమీద మూడు చోట్ల కాస్త కాస్త జుట్టు కత్తిరించి ఇవ్వడం. కళ్ళు మూసుకుని తీశాడు. తెల్లది!

"పార్వతీ! అమ్మ కత్తెరే అందే! మూడూ కత్తెర్లే!" అని వసారాలోంచి సంబరంగా కేకేశాడు.

ఆ కేక వంటింట్లో ఉన్న భార్య శివపార్వతి కంటే ముందు, గుమ్మంలో పాలు పోస్తున్న శౌరమ్మ చెవిన పడింది. ఆ ఎన్నికల్లో పోటీ చేస్తున్న అమలమ్మ గుర్తు కత్తెర. బసవపున్నయ్య ఇంట్లో ఉన్నవి మూడు ఓట్లు.

శౌరమ్మ పక్కింట్లో పాలు పోసేసరికి 'పున్నయ్యగారింట్లో మూడు ఓట్లూ కత్తెరకేనట' అయింది. వీధి చివరికి 'అమ్మవారే పువ్విచ్చి చెప్పిందట' అయింది. కాలవ గట్టు చేరేసరికి అమ్మవారు కత్తెర పట్టుకుని కల్లోకి కూడా వచ్చేసింది.

ఉంగరం గుర్తు మీద నిలబడిన గంగాధర్ గుడి కమిటీ పెద్ద. అమలమ్మ గుణదల మేరీమాత భక్తురాలు కాబట్టి, 'మన దేవుడు, మన ఓటు' అంటూ వారం నుంచీ ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఈ కత్తెర పుకారు విని పరుగున వచ్చాడు.

"ఏం బావా, మన అమ్మవారు గుణదల మనిషికి ఓటెయ్యమందా?"

"నేనడిగింది నా జుట్టు గురించయ్యా!"

"కత్తెర అందా, లేదా? అది చెప్పు ముందు."

అమ్మ పేరు మీద అబద్ధమాడటం బసవపున్నయ్య వల్ల కాదు. "అంది," అన్నాడు నీరసంగా.

"అదీ సంగతి! కొంప ముంచావు కదా బావా!"

గంటలో గంగాధర్ మైకు ఆటో బయల్దేరింది. "ఓటుకీ దేవుడికీ సంబంధం లేదు! పూలు చూసి కాదు, పనులు చూసి ఓటెయ్యండి! ఉంగరం గుర్తుకే మీ ఓటు!" నిన్నటిదాకా 'మన దేవుడు' అన్న గొంతే అది. ఇటు అమలమ్మ తరఫు కుర్రాళ్ళు, ఎప్పుడూ గుడి మెట్టెక్కనివాళ్ళు, కరపత్రాలకు కుంకుమ పూసి కొబ్బరికాయలు కొట్టడం మొదలుపెట్టారు.

బసవపున్నయ్యకు అన్నం సయించలేదు. తన జుట్టు కోసం తీసిన పువ్వు చూసి ఊరంతా ఓటేస్తే, తన పేరు పోతే పోయింది, అమ్మ పేరేం కావాలి?

సాయంత్రం అమలమ్మే వచ్చింది. "అన్నయ్యగారూ, మీకో దణ్ణం. నాకా ఓట్లొద్దు."

"ఓట్లొద్దా తల్లీ?"

"అమ్మవారు గెలిపిస్తే, రేపు కుళాయిలో నీళ్ళు రాకపోతే ఎవర్నడుగుతారు? ఆవిడ్నేగా! నన్ను నిలబెట్టి అడగాలండీ. ప్రార్థనలో నా పేరు చదవొద్దని మా ఫాదర్‌గారికీ చెప్పొచ్చాను."

బసవపున్నయ్య ఛాతీ ఉప్పొంగింది. ఇలాంటి పిల్ల పుట్టిన ఊరా మాది అనుకున్నాడు. "మరి కాదంటే ఎవరూ నమ్మట్లేదే, ఏం చెయ్యను?" అన్నాడు.

శివపార్వతి కాఫీ గ్లాసు అమలమ్మ చేతికిస్తూ, "నోటితో చెబితే నమ్మరండీ. తలతో చెప్పండి," అంది.

"అమ్మ మూడు కత్తెర్లు చాలందిగా!"

"తక్కువ చాలన్నావిడ, ఎక్కువిస్తే కోప్పడుతుందా?"

మర్నాడు భార్యాభర్తలిద్దరూ బెజవాడ బస్సెక్కారు. కొండమీద మంగలి జుట్టును మెచ్చుకోలుగా చూసి, "మూడు కత్తెర్లిచ్చి సరిపెడదామా బాబాయ్?" అన్నాడు.

"కత్తెర మాటెత్తకు నాయనా! కత్తి తియ్యి!"

నల్లటి జుట్టు ఒళ్ళో రాలుతుంటే బసవపున్నయ్యకు కళ్ళు చెమర్చాయి. తర్వాత అమ్మ ఎదుట చేతులు జోడించాడు. "ఎవరికెయ్యాలో చెప్పొద్దు తల్లీ. ఏ ఆశకీ లొంగకుండా, ఏ భయానికీ జంకకుండా వేసేట్టు చూడు, చాలు." ఇన్నేళ్ళుగా నోట్లోనే ఉండిపోయిన మాట అంత తేలిగ్గా వచ్చినందుకు ఆయనకే ఆశ్చర్యమేసింది.

ఊళ్ళో బస్సు దిగేసరికి గంధం పూసిన గుండు చూసి గంగాధర్ మైకందుకున్నాడు. "చూశారా! అమ్మవారు కత్తెర వద్దంది! దేవుడు మన వైపే..."

బసవపున్నయ్య ఆ మైకు లాక్కున్నాడు. "ఇదిగో, వంగి చూపిస్తున్నా, ఈ గుండు మీద ఏ గుర్తూ లేదు! అమ్మకి నేను బాకీపడింది జుట్టు, అదిచ్చేశా. ఊరికి బాకీ ఓటు, అది బూత్‌లో ఇస్తా. ఎవరికని మా ఆవిడకి కూడా చెప్పను!"

"నేనూ చెప్పను!" అంది శివపార్వతి వెనకనుంచి. జనం చప్పట్లు కొట్టారు. గంగాధర్ కూడా, మొహం చెల్లక, కొట్టాడు. మొక్కు తీరిన బసవపున్నయ్య తల ఎత్తుకుని, ఎండలో మెరుస్తూ ఇంటికి నడిచాడు.

కొబ్బరికాయ గుర్తు మీద ఎవరూ నిలబడకపోవడం ఆయన అదృష్టం.