మెట్ల మీది మూడో విగ్రహం

ముందే చెబుతున్నాను, నేను బూతు సినిమా కొనలేదు. పునరుద్ధరించిన కళాఖండం కొన్నాను. ఈ రెండింటికీ తేడా లేదంటే మీరూ మా ఆవిడ సొలాంజ్ పార్టీయే.

కథ చాలా ఉదాత్తమైనది. ఒక కౌంట్ గారు, అంటే జమీందారు లాంటి దొర, గుర్రం మీద దారి తప్పి ఓ పాడుబడ్డ కోటకి చేరతాడు. అక్కడ శాపం తగిలి శిలలైపోయిన అప్సరసలుంటారు. కౌంట్ గారు ముట్టుకుంటే చాలు, ఒక్కొక్కరికీ ప్రాణం వస్తుంది. బట్టలు మాత్రం రావు.

ఈ సినిమా పాత క్యాసెట్టు పెళ్లినాటికే నా దగ్గరుండేది. అరిగి అరిగి తెరనిండా పొగమంచే మిగిలింది. కళ్లు చికిలించి చూస్తే, మెట్ల మీది మూడో విగ్రహం మెడ మాత్రం కాస్త ఆనేది. ఆ మెడంటే నాకు ప్రాణం.

"ఏం చూస్తున్నావయ్యా అంతలా గుడ్లప్పగించి?" అనేది సొలాంజ్.

"మనుషుల్ని కాదు, వెలుతురు చూడాలి. ఆ మెడ మీద వెలుతురు పడే తీరు చూడు! అలాంటి మెడ ఈ రోజుల్లో దొరుకుతుందా?"

అలా అన్న మర్నాడే క్యాసెట్టు చెత్తబుట్టలో తేలింది. ఆ సినిమా మళ్లీ గడప తొక్కితే ఆదివారం కుందేలు కూర బంద్ అని ఆజ్ఞ కూడా అయింది. ఆవాల ముద్దలో మగ్గిన సొలాంజ్ కుందేలు కూర మీరు తినలేదు కనక, ఆ శిక్ష ఎంతటిదో మీకు తెలియదు.

ఇన్నేళ్లకి ఆ సినిమాని శుభ్రంగా కడిగి, గీతలు తుడిచి, డిస్కుగా తెచ్చారు. నేను ఆగగలనా? రహస్యంగా తెప్పించాను.

రహస్యం మాంసం కొట్టుదాకానే నిలిచింది. పోస్టాఫీసు మూతపడ్డాక మా ఊరి పార్సెళ్లు అక్కడికే వస్తాయి. ఆ కొట్టు యజమానిని మేమంతా సాసేజ్ దొర అంటాం, ఆకారమూ అదే, అమ్మకమూ అదే. వరసలో అందరూ నిలబడి ఉండగా నా పార్సెల్ గాల్లోకి ఎత్తి, అద్దాలు సవరించుకుని చదివాడు.

"ఫుల్బేర్ గారికి! 'పునరుద్ధరించిన ప్రతి' అట! ఏం పునరుద్ధరించారేంటి?"

వరసలో ముందున్న తల వెనక్కి తిరిగింది. అది సొలాంజ్ తల.

"కోట," అన్నాను. నోటికి మొదట వచ్చింది అదే. "పాత కోట. మన వారసత్వ సంపద."

సొలాంజ్ మా ఊరి వారసత్వ సంఘానికి కార్యదర్శి. రాతిగోడ కనిపిస్తే చాలు, కళ్లు చెమ్మగిల్లుతాయి. ఇది నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది.

"దేవుడు పంపినట్టే వచ్చింది! వారసత్వ దినాలకి ఉపన్యాసం ఇస్తానన్న ఆయన నడుం పట్టేసి మంచాన పడ్డాడు. హాల్లో ఇదే వేసేద్దాం," అంది.

"అది... చాలా సాగుతుంది సొలాంజ్. జనం నిద్రపోతారు."

"నువ్వు పోతావా?"

"నేనెందుకు పోతాను?"

"అయితే ఎవరూ పోరు. నీకంటే నిద్రమొహం ఈ ఊళ్లో ఎవరిదయ్యా?"

ఇంటికెళ్లగానే ఎత్తుకు పైఎత్తు వేశాను. పాలకేంద్రం వాళ్లు పంచిపెట్టిన జున్ను తయారీ డిస్కు ఆ పెట్టెలో పెట్టి, అసలుదాన్ని ఇస్త్రీ బట్టల దొంతరలో దాచాను. నేనెప్పుడూ అటు వెళ్లను కనక ఎవరూ వెళ్లరనుకున్నాను. ఇస్త్రీ దానంతటదే అవుతుందని నా గట్టి నమ్మకం.

ఆదివారం హాలు కిటకిటలాడింది. మొదటి వరసలో ఫాదర్ ఆంబ్రువాజ్, పక్కన సాసేజ్ దొర. నేను కాలు మీద కాలు వేసుకుని, తెర మీద జున్ను కోసం ఎదురుచూస్తున్నాను.

వేణువు మోగింది. జున్నుకి వేణువెందుకా అనుకునేలోపు ఓ గుర్రం వచ్చింది. గుర్రం మీద కౌంట్ గారు.

నా కాలు మీది కాలు దానంతటదే దిగిపోయింది. ఇస్త్రీ మాత్రం దానంతటదే కాదని, చేసేది సొలాంజ్ అని అప్పుడు తెలిసొచ్చింది.

పొగమంచు ఒక్క చుక్క లేదు. చెట్లు విడివిడిగా, ఆకులు ఆకులుగా కనిపిస్తున్నాయి. చెట్ల వెనక నుంచి కోట బయటపడేసరికి హాలంతా ఒక్కసారి లేచి నిలబడింది.

"మన కోటే! మన కొండమీది కోటే!"

"పడమటి గోపురం కూలకముందు తీసినట్టున్నారు," అని ఫాదర్ పొంగిపోయాడు. "ఫుల్బేర్, నువ్వు మా ఊరికి చేసిన మేలు ఇంతా అంతా కాదు!"

నేను ఆ గోపురం కూలిన తర్వాతెప్పుడో ఉత్తరాది నుంచి పోస్టుమాస్టరుగా వచ్చినవాణ్ణి. క్యాసెట్టులో కోటా పొగమంచే, కొండా పొగమంచే. నేనాడిన అబద్ధం నిజమై కూర్చుంది.

ఇంతలో కౌంట్ గారు మొదటి విగ్రహాన్ని ముట్టుకున్నాడు. ఫాదర్ కళ్లజోడు తీశాడు. శుభ్రంగా తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"మా పెద్దక్కే!" అన్నాడు సాసేజ్ దొర. "ఎంత బాగుందో చూడండి!"

రెండో విగ్రహం మాజీ మేయరమ్మ. చప్పట్లు మోగాయి. ఆవిడ లేచి అందరికీ వంగి నమస్కారం పెట్టింది. ఊరు ఊరంతా ఇంత కళాహృదయంతో ఉందని నేనెన్నడూ అనుకోలేదు. ధైర్యం వచ్చి నేనూ చప్పట్లు కొట్టాను.

అప్పుడు కౌంట్ గారు మెట్లెక్కాడు.

మూడో విగ్రహం మెల్లగా తల తిప్పింది. అదే మెడ. ఆ మెడకి ఇన్నాళ్లకి మొహం వచ్చింది.

సొలాంజ్ మొహం.

"ఆపండి!" అని కుర్చీ ఎక్కి అరిచాను. "దీపాలు వెయ్యండి! ఇది అసభ్యం! అది... అది నా భార్య!"

"కూర్చోవయ్యా, అడ్డం!" అని వెనక నుంచి ఎవరో నా కోటు పట్టి లాగారు.

"ఇప్పటిదాకా చప్పట్లు కొట్టింది నువ్వే కదా ఫుల్బేర్?" అన్నాడు ఫాదర్ తాపీగా, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

పక్క కుర్చీలోంచి సొలాంజ్ నా చెయ్యి పట్టి కిందికి దింపింది.

"మనుషుల్ని కాదయ్యా," అంది చెవిలో, "వెలుతురు చూడాలి."

ఇంటికొచ్చాక ఎగిరిపడ్డాను. "పెళ్లికి ముందు ద్రాక్ష కోతలకే వెళ్లేదాన్నన్నావుగా!"

"వెళ్లాను. పొద్దున కోత, మధ్యాహ్నం విగ్రహం. వంగి కోయడం కంటే నిలబడటం నడుముకి హాయి."

"మరి నాతో చెప్పొద్దూ?"

"చెప్పేదాన్నే. నువ్వు నా మెడని నా ముందే పొగుడుతూ, అలాంటిది ఈ రోజుల్లో దొరకదన్నావు చూడు, ఆ రోజే చెప్పకూడదనుకున్నాను." వంట ఏప్రన్ విప్పి నా ఒళ్లోకి విసిరింది. "విగ్రహం ఇన్నేళ్లూ ఈ వంటింట్లోనే నిలబడి ఉంది. ముట్టుకునే కౌంట్ గారికే తీరిక లేకపోయింది."

నాకు నిజంగా సిగ్గేసింది. తల ఎత్తలేకపోయాను. ఎత్తి ఉంటే ఆ మెడ కనిపించేదే.

పై ఆదివారం కుందేలు కూర నేనే వండాను. మాడింది. సొలాంజ్ ఇంట్లో లేదు, మాంసం కొట్లో కూర్చుని జనం తెచ్చిన డిస్కు పెట్టెల మీద సంతకాలు పెడుతోంది. నేనూ నా పెట్టె పట్టుకుని వరసలో నిలబడ్డాను.

నా వంతు వచ్చింది. నా మొహం వంక కూడా చూడకుండా రాసిచ్చింది: "సినిమా, పునరుద్ధరించినది. మొగుడు, ఇంకా పని జరుగుతున్నది."