నాలుగో నంబరు రూలు

ఆదివారం పొద్దున్నే ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది: పగలంతా కుక్కను చూసుకోవడం, సాయంత్రం దాన్ని అప్పజెప్పడం, సోమవారం సూపరింటెండెంటు కుర్చీలో కూర్చోవడం. ఆయన సీనియర్ గుమస్తా. సర్క్యులర్ లేనిదే తుమ్మనైనా తుమ్మడు కాబట్టి ఆఫీసంతా ఆయన్ని 'రూల్సు' అంటారు. ఆ కుర్చీ నెల రోజులుగా ఖాళీ. దానికి సంతకం పెట్టవలసింది మేనేజరు. కుక్క కూడా మేనేజరుదే.

కుక్కంటే మరీ కుక్క కాదు, చివావా. బరువు రెండు కిలోలు, అందులో కిలోన్నర పొగరు. రోజూ మేనేజరుతో ఆఫీసుకొచ్చి అందరి మీదా అరిచి వెళ్తుంది. పొరుగూరిలో మీటింగుందని మేనేజరు దాన్నీ, రెండు పేజీల కాగితాన్నీ అప్పగించాడు. "ఇందులో ఉన్నట్టు చెయ్యి చాలు. దానికేమన్నా అయిందో..." అంటూనే కారెక్కాడు.

నాలుగో నంబరు రూలు: "ఎముకలు బహు సున్నితం. అడుగు ఎత్తు నుంచి కూడా దూకనివ్వరాదు." రూల్సు స్కేలు తెచ్చి సోఫా కొలిచాడు. అడుగున్నర! గంటలో సోఫా, దాని మీద బల్ల, బల్ల మీద కుర్చీలు ఇంటి ముందు గుట్టపడ్డాయి. భార్య మంచం రెండో కొస పట్టుకుని మోస్తూ ఆయన వంశాన్నంతా తలుచుకుంది.

"నేల మీద కూర్చోలేను నాయనా, నా మోకాళ్ళ సంగతి తెలుసుగా" అంది అత్తగారు.

"మీ మోకాళ్ళకేమైనా అయితే నా ప్రమోషన్ ఆగదు కదండీ అత్తయ్యగారూ" అన్నాడు రూల్సు, ఎంతో నిజాయితీగా.

"ఈ మాట గుర్తుంచుకుంటాలే" అని ఆవిడ మూలుగుతూ చతికిలబడింది.

ఆరో రూలు: "వణికితే కప్పవలెను." కుక్క వణికింది. శాలువా కప్పాడు. ఇంకా వణికింది. దుప్పటి కప్పాడు. అది చలి కాదు, కోపం. ఆ సంగతి ఆయన వేలు కొరికి మరీ చెప్పి, తిన్నగా వెళ్ళి అత్తగారి ఒళ్ళో పడుకుంది.

ఇంతలో పక్కింటావిడ వచ్చి, "ఏమండీ, ఇల్లు ఖాళీ చేస్తున్నారా?" అని అరిచింది. ఏడో రూలు: "దగ్గర్లో గట్టిగా మాట్లాడరాదు." రూల్సు కట్టు కట్టిన వేలు పెదాల మీద పెట్టుకుని, మెల్లగా తలుపు మూశాడు. జవాబు చెప్పి ఉంటే ఆవిడ తన దారిన తను పోయేది. చెప్పకపోయేసరికి ఇంటి ఓనరుకు ఫోను చేసింది. మధ్యాహ్నానికి ఇల్లు చూడ్డానికి కొత్త అద్దెవాళ్ళు వచ్చి, బల్ల పక్కన మిగిలిన సోఫా కొసనే ఇరుక్కుని కూర్చున్నారు. ఓనరు, ఇల్లు ఇప్పించిన మేనేజరుకే ఫోను కొట్టాడు: "మీ గుమస్తా చెప్పాపెట్టకుండా మకాం ఎత్తేస్తున్నాడు సార్!"

మేనేజరుకు గుమస్తా గుర్తు రాలేదు, కుక్క గుర్తొచ్చింది. మీటింగు సగంలో వదిలేసి వచ్చిపడ్డాడు.

కారు చప్పుడుకు కుక్క ఒళ్ళోంచి లేచి బయటికి ఉరికింది. సోఫా ఎక్కింది, బల్ల ఎక్కింది, కుర్చీల గుట్ట కొసన నిలబడింది.

"నాలుగూ!" అని గావుకేక పెట్టాడు రూల్సు, ఏడు మరిచిపోయి.

కుక్క దూకింది. భార్య కళ్ళు మూసుకుంది. అది ఒళ్ళు విదుల్చుకుని, మేనేజరు మీద రెండు అరుపులు అరిచి, మళ్ళీ అత్తగారి ఒళ్ళోకి చేరింది.

"ఏమిటయ్యా ఈ సామాను?"

"దూకనివ్వరాదని... నాలుగో రూలు సార్."

"రోజూ మా ఫ్రిజ్ మీంచి దూకుతుందయ్యా అది!"

"మరి ఈ కాగితం?"

"అదా? నెట్లో దొరికితే ప్రింటు తీశా. అదంతా ఎవడు చదువుతాడు?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో రూల్సుకు అంత దెబ్బ ఎన్నడూ తగల్లేదు. కూలబడదామంటే ఇంట్లో కుర్చీ లేదు.

మేనేజరు కుక్కను తీసుకోబోయాడు. కరిచింది. మళ్ళీ చెయ్యి చాచాడు, మళ్ళీ కరిచింది. అత్తగారు "ఊరుకోవే" అంటే మాత్రం తోక ఆడించి ఊరుకుంది. మేనేజరు చెయ్యి దులుపుకుని ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మగారూ, రేపట్నుంచి దీనికోసం మా ఆఫీసుకు రాగలరా?"

"వస్తాను బాబూ. నేల మీద మాత్రం కూర్చోలేను" అంది ఆవిడ, అల్లుడి వైపు చూస్తూ.

సోమవారం సూపరింటెండెంటు కుర్చీ భర్తీ అయింది. ఒళ్ళో కుక్కతో అత్తగారు అందులో హాయిగా కూర్చున్నారు. ఫైలు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ రూల్సు, జేబులోంచి స్కేలు తీసి కుర్చీ కొలిచాడు.

అడుగున్నర.