పదివేల సైటేషన్ల డాక్టరుగారి భార్య

రొమ్ము వ్యాధుల పరిశోధనలో అగ్రగణ్యులైన ప్రొఫెసర్ లుత్ఫీ షనవానీ గారికి పదివేల సైటేషన్లు పూర్తయిన శుభసందర్భంలో అలెగ్జాండ్రియా వైద్యలోకం ఘన సన్మానం తలపెట్టింది. సైటేషన్ అంటే మరేమీ కాదు, ఒకరు రాసిన పత్రాన్ని మరొకరు తమ పత్రంలో పేర్కోవడం. చదివి తీరాలన్న నిబంధన ఎక్కడా లేదు.

ఈ విద్య ప్రొఫెసర్ గారికి తల్లి నేర్పిందే. రంజాన్ పండక్కి పక్కింటి నుంచి కహక్ బిస్కెట్ల పళ్ళెం వస్తే దాన్ని ఖాళీగా తిప్పి పంపడం అక్కడ పరువు తక్కువ. అందుకని తోటి ప్రొఫెసర్ షౌకత్ గారు ఒక పత్రంలో ఈయన్ని పేర్కొంటే, ఈయన రెండింటిలో ఆయన్ని పేర్కొంటారు. మరో ప్రొఫెసర్ వజ్దీ గారు ఇద్దర్నీ పేర్కొని పళ్ళెం ముందుకు జరుపుతారు. ఈ రద్దీలో రోగుల్ని చూసే తీరిక ముగ్గురికీ చిక్కక చాలా ఏళ్ళయింది. ఆ చిల్లర పని ఓపీలో నిర్మీన్ అనే డాక్టరమ్మ చూసుకుంటోంది. ఆమె పేరిట ఒక్క పత్రమూ లేదు కాబట్టి ఆమె గురించి చెప్పుకోవలసిందీ ఏమీ లేదు.

ఇంత పండుగ వేళ ప్రొఫెసర్ గారి భార్య ఇనాయత్ ఒక అసందర్భపు పని చేసింది. తన ఎడమ రొమ్ములో గడ్డ ఉన్నట్టు కనిపెట్టింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, లోకమంతా పేర్కొనే చెట్టు ఇంట్లోనే ఉండగా వీధిలోకెందుకని మొగుణ్ణే అడిగింది.

"ఏమండీ, ఇక్కడ గట్టిగా తగులుతోంది. ఒక్కసారి చూద్దురూ."

"దాని మీద నా పాత పత్రం ఒకటుంది, చూడు," అన్నారాయన, ప్రసంగం రాసుకుంటూ తలెత్తకుండా.

"పత్రానికి చేతులుంటాయా? నాకు భయంగా ఉందండీ."

"సన్మానం కానీ. తర్వాత చూద్దాం, ఇన్షా అల్లా."

ఆ మాట మీదే వంటింటి కుళాయి ఏడాదిగా కారుతోంది. ఇనాయత్‌కు అన్నం సయించడం మానేసింది. ఆమె తల్లి పోయింది అలాంటి గడ్డతోనే.

సన్మానం దివ్యంగా జరిగింది. "లుత్ఫీ గారే లేకపోతే రొమ్ము వ్యాధులు ఈనాడు ఇంతటి స్థాయికి ఎదిగేవి కావు!" అని షౌకత్ గారు ప్రకటిస్తే చప్పట్లు మారుమోగాయి. సభికులు ప్రశ్నలు అడగవచ్చునన్నారు. ముందు వరసలోంచి ఇనాయత్ లేచింది.

"నాకో గడ్డ ఉంది. చేత్తో తాకి చూసి చెప్పే డాక్టరు మీలో ఎవరయ్యా?"

లుత్ఫీ గారు చిరునవ్వు చెదరనివ్వలేదు. "ఈ విషయంలో షౌకత్ గారే ప్రమాణం."

షౌకత్ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "ఎంత మాట! వజ్దీ గారుండగా నేనా?"

వజ్దీ గారు నడుం వంచారు. "లుత్ఫీ గారి ముందు నోరెత్తే అర్హత నాకెక్కడిది?"

పళ్ళెం చుట్టూ తిరిగి మొగుడి దగ్గరికే వచ్చింది. మర్యాదకు ముగ్ధులై సభికులు మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఇనాయత్ చేతిసంచీ తీసుకుని బయటికి నడిచి, నేరుగా ఓపీలో వరస చివర కూర్చుంది.

"మీరా అమ్మా? ముందుకు రండి," అంది నిర్మీన్ తలుపులోంచి.

"వద్దులే తల్లీ. వీళ్ళూ నాలాగే హడలిపోయి కూర్చున్నారు."

వంతు వచ్చాక నిర్మీన్ తాకి చూసింది, స్కానింగ్ చేయించింది, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తిరిగేసరికి, "ఇది చెడ్డ గడ్డ కాదమ్మా. కడుపు నిండా తినండి," అంది. ఇనాయత్ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని వలవలా ఏడ్చింది.

ప్రొఫెసర్ గారూ ఊరుకోలేదు. 'సన్మాన సభలో బయటపడిన గడ్డ: ఒక అరుదైన అనుభవం' అనే పత్రం వెలువడింది. రచయితలు లుత్ఫీ, షౌకత్, వజ్దీ. పత్రాలు లేవన్న కారణంగా నిర్మీన్ ప్రమోషన్ ఆ నెలలోనే ఆగిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు తంతా అనే ఊరి నుంచి ఇనాయత్ చెల్లెలు సుహైర్ ఫోన్ చేసింది. తనకూ ఏదో తగులుతోందట.

"నిర్మీన్ దగ్గరికి రావే. ఒట్టు, బంగారంలాంటి డాక్టరు," అంది ఇనాయత్.

అవతల కీబోర్డు టకటకలాడింది. ఆ పేరు ఇంటర్నెట్‌లో వెతుకుతోంది కాబోలు.

"అక్కా, వేళాకోళమా? అంత మంచి డాక్టరైతే పేరు ఎక్కడా లేదేం? బావగారిదైతే పేజీలకు పేజీలు వస్తోంది!"

ఇనాయత్ ఎంత మొత్తుకున్నా వినక సుహైర్ బావగారికే కబురు పెట్టింది. ఆయన ఎంతో సంతోషించి తన కొత్త పత్రం పంపించారు. అందులో అక్క గడ్డ గురించి సమస్తం ఉంది, దాన్ని చూసిన డాక్టరు పేరు తప్ప.